చమురు కర్మాగారమునకు వెల కట్టుట

కాల్టెక్సు అను విదేశీ కంపెనీ 1957లో విశాఖపట్టణమున చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పెను. 1976 చివర భారత ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియములో విలీనమయ్యెను.

ఆస్తిని గైకొను అధికారము రాజ్యమునకు కలదు. చిక్కంతయు వెల కట్టుటలోనే యున్నది. పెట్టుబడిలో అరుగుదల పోగా మిగిలినదే వెలయని ప్రభుత్వములును, రాబోవు లాభములను గూడ చేర్చవలెనని కంపెనీలును వాదించుట పరిపాటి. 1951లో చమురును జాతీయము చేసిన ఇరాను, మూడేండ్ల తగవు తరువాత, బ్రిటిషు కంపెనీకి రెండున్నర కోట్ల పౌన్లిచ్చుటకు 1954లో సమ్మతించెను.

మన రాజ్యాంగమున 1971 నాటి 25వ సవరణ ‘నష్టపరిహారము’ను తొలగించి ‘మొత్తము’ అను మాటను చేర్చెను. ఇచ్చినది చాలదని న్యాయస్థానమున వాదించు వీలు దానితో పోయెను. కాల్టెక్సును తీసికొన్ననాటి నియమమిదియే. 1978 నాటి 44వ సవరణ ఆ అధికరణమునే ఎత్తివేసెను.

అయితే మద్నూరు రైతు పరిమితికి లోబడి స్వయముగా సాగుచేయు భూమిని తీసికొన్నచో, పరిహారము బజారు ధరకు తగ్గరాదని 1964 నుండి రాజ్యాంగమే కాపాడుచున్నది.

పరిహారము హెచ్చినచో ప్రజాధనము తరుగును. మిక్కిలి తగ్గినచో రేపు పెట్టుబడి పెట్టువాడు వెనుదీయును. ఈ రెంటి నడుమ తూకము నిలుపుటయే శాసనకర్తల పని.