సీసాలో పెరిగే ఔషధ మొక్కలు: ఎంతవరకు నమ్మవచ్చు?

కలోంజీ, వాము, పసుపు లేని వంటగది మన ఇళ్ళలో అరుదు. దగ్గుకు, కడుపునొప్పికి, చిన్న గాయాలకు వీటిని వాడుకోవడం పెద్దల కాలం నుంచి వస్తున్నదే. సూక్ష్మజీవులను అణచే పదార్థాలు మొక్కల్లో ఉన్న మాట వాస్తవం. వాములోని థైమాల్ ఇందుకు ఉదాహరణ. అయితే ఒకే జాతికి చెందిన ప్రతి మొక్కలోనూ ఆ శక్తి సమానంగా ఉంటుందా? టిష్యూ కల్చర్ చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఇస్తుంది.

మొక్కలోని చిన్న ముక్కను తీసి, క్రిములు లేకుండా శుభ్రపరచి, చక్కెర, లవణాలు, విటమిన్లు, హార్మోన్లు కలిపిన మాధ్యమంలో పెంచడమే టిష్యూ కల్చర్. మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు 1962లో ప్రకటించిన మాధ్యమం నేటికీ ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. అడవులను కొల్లగొట్టకుండా ఔషధ మొక్కలను పెంచుకోవడానికి ఇది మేలైన మార్గం.

జపాన్‌లో మురసాకి అనే మొక్క ఉంది. దాని వేళ్ళలోని షికోనిన్ అనే ఎర్రని పదార్థం స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాను అణచివేస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఆ వేళ్ళతో చేసిన లేపనాన్ని అక్కడివారు గాయాలకు, కాలిన పుండ్లకు వాడుతూ వచ్చారు. వేళ్ళు పక్వానికి రావడానికి ఏళ్ళు పడుతుంది. అడవుల్లో మొక్క కూడా అరుదైపోయింది. అప్పుడు మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ ఆ మొక్క కణాలను పెద్ద తొట్లలో పెంచి, కొద్ది వారాల్లోనే షికోనిన్ తీయగలిగింది. 1983లో అది పారిశ్రామిక స్థాయికి చేరింది.

ఇక్కడొక విశేషం గమనించాలి. అవే కణాలను వెలుతురులో పెంచితే షికోనిన్ తయారు కాలేదు. మాధ్యమంలో అమోనియం ఉన్నా అంతే. అందుకే కణాలు పెరగడానికి ఒక మాధ్యమాన్ని, మందు తయారు కావడానికి మరో మాధ్యమాన్ని వాడవలసి వచ్చింది. అంటే మొక్క ఏపుగా పెరిగినంత మాత్రాన అందులో మందు ఉన్నట్లు కాదు. ప్రతి విడతనూ పరీక్షించి చూడవలసిందే.

పరీక్షలోనూ ఒక పరిమితి ఉంది. బాక్టీరియా పెరుగుతున్న పళ్ళెంలో మొక్క రసంలో తడిపిన కాగితపు బిళ్ళను ఉంచుతారు. బిళ్ళ చుట్టూ క్రిములు లేని వలయం ఏర్పడితే రసానికి శక్తి ఉన్నట్లు. కానీ పళ్ళెం వేరు, మనిషి దేహం వేరు. మింగిన రసం జీర్ణమై, రక్తంలో కలిసి, రోగమున్న చోటికి చాలినంత చేరాలి. హాని కూడా చేయకూడదు. ఈ సంగతులు పళ్ళెం చెప్పలేదు.

కాబట్టి న్యుమోనియా వంటి తీవ్ర వ్యాధులకు వైద్యులు రాసిచ్చిన యాంటీబయాటిక్‌ను మానేసి కషాయంతో సరిపెట్టుకోవడం ప్రమాదకరం. మామూలు జలుబుకు సొంతంగా యాంటీబయాటిక్ కొని మింగడమూ తగదు. చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మందుకు లొంగకుండా పోతాయని పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించారు. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు సృష్టించాడని విశ్వసించే మనం, ఆ మందును పరీక్షించి, తెలుసుకుని వాడుకోవడం కూడా మన బాధ్యతేనని గ్రహించాలి.