సర్వర్ బిజీ... మళ్లీ ప్రయత్నించండి!

పబ్‌జీ మొబైల్‌కు దేశమంతటా తాళం పడింది ఢిల్లీ ఉత్తర్వుతోనని మీకు తెలుసా? 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఒక్క దెబ్బకు 118 యాప్‌లను నిషేధించింది. ఫోన్లో ఆట ముందే ఉన్నవాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నారు! మనకు సర్వర్లు పూర్తిగా ఆగింది అక్టోబర్ 30న. ఎనిమిది వారాల బోనస్!

అంతకు ముందు ఏడాది జనవరి 29న, ఢిల్లీ తాల్కటోరా స్టేడియంలో ప్రధాని మోదీ ముందు ఓ తల్లి తన కొడుకు ఆన్‌లైన్ ఆటల పిచ్చి గురించి మొరపెట్టుకుంది. ఆయన వెంటనే ఏమడిగారో తెలుసా? పబ్‌జీ ఆడేవాడా అని! హాలంతా నవ్వులే నవ్వులు.

అదే ఆట బీజీఎంఐగా పేరు మార్చుకుని వస్తోందనగానే, 2021 మేలో ముందస్తు రిజిస్ట్రేషన్ మొదటిరోజే ఎంతమంది ఎగబడ్డారో తెలుసా? 76 లక్షలు! రెండు వారాల్లో 2 కోట్లు! తిరుమల క్యూ కాంప్లెక్సు కూడా నోరెళ్లబెట్టాల్సిందే.

2022 జులైలో అదీ మాయం. 2023 మేలో తిరిగొచ్చింది, ఈసారి గడియారంతో. 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు. లాగిన్ దొరికినా టైమ్ అయిపోతుంది బాబోయ్!

2022 ఫిబ్రవరిలో మరో ఆట ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు. దాని అన్నగారు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం మిగిలిపోయాడు! 2023 సెప్టెంబర్ 5న ‘ఫ్రీ ఫైర్ ఇండియా’ వస్తుందన్నారు. సరిగ్గా ముందురోజు ‘కొన్ని వారాలు’ వాయిదా అన్నారు. వారాలు కాస్తా నెలలయ్యాయి. ఇంతకంటే పొడవైన వెయిటింగ్ స్క్రీన్ ఎక్కడైనా చూశారా?

ఇప్పుడు అసలు బాంబు. మీ ల్యాగ్‌లో (ఆట స్పందించే ఆలస్యంలో) కొంత భాగాన్ని ఐన్‌స్టీన్ కూడా తగ్గించలేడని తెలుసా? ఫైబర్ తీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. ఆట సర్వర్ సింగపూర్‌లో ఉందనుకోండి, ఢిల్లీ నుంచి అక్కడికి తిన్నగా కొలిచినా 4,100 కిలోమీటర్ల పైమాటే. అంటే పోయిరావడానికే 41 మిల్లీసెకన్లు! ముంబైలో సర్వర్ ఉంటే 12 చాలు. పైగా సముద్రం కింద కేబుల్ తిన్నగా పోదు, వంకర్లు తిరుగుతుంది. గురుగ్రామ్ కుర్రాడు లక్ష రూపాయల ఫోన్ కొన్నా ఈ లెక్క మారదు. కాబట్టి ఓడిపోయినవాడి వేళ్లను ఆడిపోసుకోకండి!

దేశంలో ఒక కంపెనీ నెట్ నుంచి మరో కంపెనీ నెట్‌కు పోయే డేటా ఒకప్పుడు విదేశాలు చుట్టి వచ్చేదని తెలుసా? ఆ చుట్టుతిరుగుడు తగ్గించడానికే 2003లో నిక్సీ (జాతీయ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్) పుట్టింది. మొదటి ఎక్స్ఛేంజ్ మన నోయిడాలోనే!

2025 సెప్టెంబర్‌లో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగితే మన దేశంలోనూ నెట్ నీరసించింది. ఎక్కడి సముద్రం, ఎక్కడి మ్యాచ్!

లాగిన్ కష్టాలు మనకే కాదు. 2012 మే 15న డయాబ్లో 3 ఆట విడుదలైంది. 24 గంటల్లో 35 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లకు ముందుగా ఎదురైన రాక్షసుడెవరో తెలుసా? ‘ఎర్రర్ 37’, అదేనండీ, సర్వర్ బిజీ!

2019 అక్టోబర్‌లో ఫోర్ట్‌నైట్ తనను తానే బ్లాక్‌హోల్‌లో పడేసుకుంది. దాదాపు రెండ్రోజుల పాటు తెరపై నల్లటి గుండ్రం. దాన్నీ లక్షల మంది కన్నార్పకుండా చూశారు!

2021 డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 14 ఆట లాగిన్ క్యూలో 17,000 మంది దాటితే వచ్చేది ‘ఎర్రర్ 2002’. కంపెనీ ఏం చేసిందో తెలుసా? క్షమాపణ చెప్పి, 21 రోజులు ఉచితంగా ఆడుకోమంది. కొత్త కాపీల అమ్మకమే ఆపేసింది! మన ఆటగాళ్లతో వ్యాపారం చేస్తున్న కంపెనీలూ, విన్నారా? లాగిన్ ఇవ్వలేని రోజులకు మాకూ లెక్క కట్టండి!