దుంగకు తగిన రంపము

నర్సంపేట నుండి పాకాల వైపు పోవు దారిలో పొలము గట్లపైన టేకు, తుమ్మ, వేప, మామిడి మానులు నేటికిని కానవచ్చును. ఈదురుగాలికి ఇట్టి మాను ఒకటి కూలినచో ఆ యింటివారికి రెండు దారులు తోచును: వంటచెరకుగా నరికించుట, లేదా పలకలుగా కోయించుకొనుట. మేమెరిగిన ఒక రైతు రెండవ దారిని పట్టెను. అది ఆయన తండ్రి నాటిన వేప. దానితో కుమార్తె పెండ్లికి మంచము, బీరువా చేయింపవలెనని ఆయన కోరిక. పొడవైన బారు గల గొలుసు రంపమును, దానికి తగిలించు కోతచట్రమును కొని తెచ్చెను. మూడవ పలక పూర్తి కాకమునుపే ఇంజను వేడెక్కి బిగిసిపోయెను. సగము కోసిన మాను ఎండకు పగిలి పొయ్యిలోనికే పోయెను. ఆ రంపము చెడ్డది కాదు. దుంగకును, బారుకును, ఇంజనుకును పొందిక లేకపోవుటయే నష్టమునకు కారణము. ఆ పొందికను గురించి నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

పూర్వము దుంగను ఎత్తున నిలిపి, పైన నొకడు, క్రింద నొకడు నిలిచి పెద్దరంపమును లాగుచు పలకలు తీసెడివారు. తరువాత సామిల్లులు వచ్చినవి. జర్మనీ దేశీయుడు ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడుచు గొలుసు రంపమునకు పేటెంటు పొందెను. అట్టి రంపములు మొదట మానును అడ్డముగా ఖండించుటకే ఉద్దేశింపబడినవి. గొలుసు తిరుగు ఉక్కుపలకను ‘బారు’ అందురు. బారుకు ఇనుప చట్రమును బిగించి, రంపమును దుంగ పొడవునా నడిపినచో సమమైన మందము గల పలక వచ్చును. దుంగను బండిపై మిల్లుకు చేర్చలేని చోట, రంపమునే దుంగ కడకు మోసికొని పోవచ్చును. దీని సౌకర్యమంతయు ఇందే కలదు.

ఇక కొలత సంగతి. ముందుగా దుంగ మిక్కిలి లావుగా నున్న చోట దారము చుట్టి చుట్టుకొలత తీయవలెను. దానిని 7చే గుణించి 22చే భాగించిన అడ్డుకొలత వచ్చును. చుట్టుకొలత 66 అంగుళములైన అడ్డుకొలత 21 అంగుళములు. ఇచటనే పలువురు పొరపడుదురు. చట్రమునకు చెప్పు అంకె సాధారణముగా బారు పొడవునే తెలుపును. కోతకు దొరకు వెడల్పును కాదు. చట్రపు బిగింపులకును, బారు కొనకును 4 మొదలు 6 అంగుళముల వరకు పోవును. కనుక 21 అంగుళముల దుంగను నడిమికి నిండు వెడల్పున కోయుటకు 27 అంగుళములకు తగ్గని బారు కావలెను. అంగడిలో 28 లేక 30 అంగుళములది అడుగవచ్చును.

అయితే నిండు వెడల్పు అందరికిని అవసరమా? బల్లపై పరచు ఒకే పెద్ద పలకను కోరువారికి అవసరమే. ద్వారబంధములకు, దూలములకు, మంచపు పట్టెలకు అక్కరలేదు. గుండ్రని దుంగలో ఇమిడెడు చదరము యొక్క భుజము, అడ్డుకొలతలో పదింట ఏడు వంతులు మాత్రమే యుండును. 21 అంగుళముల దుంగలో అది సుమారు 15 అంగుళములు. నాలుగు వైపులను పొరలు తీసి చదరము చేయుటలో ఏ కోతయు 15 అంగుళములను మించదు. దానికి 24 అంగుళముల బారు సుఖముగా సరిపోవును. పది దుంగలలో ఒకటి మాత్రమే పెద్దదైనచో, ఆ యొక్కదాని కొరకు పెద్ద చట్రమును కొనుట వివేకము కాదు.

బారు పొడవు పెరిగినకొలది ఇంజను బలమును పెరుగవలెను. అడ్డకోతలో ఇంజను క్షణకాలము శ్రమించి విశ్రమించును. పొడవుకోతలో పలక ముగియువరకు ఎడతెగక శ్రమించును. స్థూలముగా 20 అంగుళముల బారుకు 60 సీసీ, 24 అంగుళములకు 70 సీసీ, 30 అంగుళములు దాటినచో 90 సీసీ లేక అంతకు మించిన ఇంజను ఉండుట మేలు. తుమ్మ, చింత, నల్లమద్ది వంటి గట్టి కఱ్ఱకు ఇంకను బలము కావలెను. గొలుసును సయితము పొడవుకోతకు తగినదే వాడవలెను. దాని పండ్ల అంచు 10 డిగ్రీల వాలున సానబట్టబడును. టేకులో సహజముగా ఇసుకవంటి పదార్థముండుటచే పండ్లు త్వరగా మొద్దుబారును. పెరటి వేపలో బట్టల తాడునకు ఏనాడో కొట్టిన మేకులు దాగియుండవచ్చును. వాటిని ముందే వెదకి తీయవలెను.

మరియొక లెక్కను మరువరాదు. గొలుసు రంపపు కోత సుమారు 9 మిల్లీమీటర్ల కఱ్ఱను పొట్టుగా మార్చును. మిల్లులోని పట్టీరంపపు కోత 2 మిల్లీమీటర్ల మేరకే. 300 మిల్లీమీటర్ల చదరపు దిమ్మె నుండి 25 మిల్లీమీటర్ల పలకలు గొలుసు రంపముతో 9, పట్టీరంపముతో 11 వచ్చును. ఒకటి రెండు దుంగలు మాత్రమే గలవారు, దారి సౌకర్యమున్నచో, లైసెన్సు గల మిల్లుకు చేర్చుటయే లాభము.

చట్టమును గూడ తెలిసికొనవలెను. రంపపు మిల్లులకు 1969 నుండియు నియమములు కలవు. చెట్ల నరికివేతను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రమబద్ధము చేయుచున్నది. కనుక మాను సొంత పొలములోనిదైనను, కోతకు ముందు అటవీశాఖ కార్యాలయమున విచారించి, అనుమతి వ్రాతమూలకముగా పొందుట క్షేమము. పాకాల అరణ్యము వన్యమృగ సంరక్షణ స్థలము. అచటి మానుపై మన రంపమునకు హక్కు లేదు.

కోయునపుడు చెవులకు, కన్నులకు రక్షణ ధరింపవలెను. పొగ ముఖమునకు రాకుండ గాలి వాలును చూచి నిలువవలెను. కోత ముందుకు సాగినకొలది వెనుక చీలికలో కఱ్ఱమేకులు దూర్చినచో బారు బిగియదు. కోసిన పలకలను నీడలో, నడుమ సన్నని బద్దలుంచి పేర్చవలెను; కొనలకు రంగు పూసినచో పగుళ్ళు తగ్గును.

ఆ రైతు పెరటిలో ఇప్పుడు మరియొక వేప పెరుగుచున్నది. అది కోతకు వచ్చునాటికి, రంపమును కొనుటకు ముందు దారమును చేతబట్టవలెనని ఆ యింటి పిల్లలకు తెలిసియుండును. ఒక మాను ఎదుగుటకు ఒక తరము పట్టును. దానిని కొలుచుటకు ఒక గడియ చాలును.