బాట చూచి వచ్చువారు

పిల్లనిచ్చు ఇంటికి ముందుగా ఇద్దరు పెద్దలు పోయి, ఇల్లువాకిలి, నీళ్ల వసతి, ఇరుగుపొరుగు విచారించి వచ్చుట మనలోనున్న వాడుకయే. అట్టి మనమే ఇరువదిమంది స్త్రీలను, పిల్లలను వెంటబెట్టుకొని గుట్టలకు బయలుదేరునపుడు మాత్రము "అక్కడికి పోయిన తరువాత చూచుకొందములే" యందుము. సోదరీమణులారా, మన ఓరుగల్లు ప్రాంతమున స్త్రీలు గుంపులుగా కొండనడకకు పోవుట మిక్కిలి సంతోషింపదగిన సంగతి. కాని ఆ గుంపు కదలుటకు ముందొకనాడు ఎవరో ఇద్దరు ముగ్గురు పోయి, ఆ త్రోవను ఆసాంతము నడచి చూచి రావలయును. ఆ పనికి ఫొటోలు లేవు, చప్పట్లు లేవు. దానిని గురించియే ఈ నాలుగు మాటలు.

ఇది క్రొత్త విద్య కాదు. బౌద్ధుల కథలలో వణ్ణుపథ జాతకమని యొకటి గలదు. అరువది యోజనముల ఇసుక ఎడారి. పగలు నిప్పుకణికలవలె కాలును గనుక బండ్లు రాత్రివేళనే నడచును. ఓడకు చుక్కాని పట్టువానివలె ఆ బిడారునకు ఒక బాటచూపరి యుండి, చుక్కలను చూచి దారి చెప్పుచుండును. కడపటి రాత్రి, ఇక దరి చేరితిమి గదా యని మిగిలిన నీళ్లు, కట్టెలు పారవేసి బయలుదేరిరి. బాటచూపరికి కన్నంటుకొన్నది. ఎడ్లు వెనుదిరిగినవి. తెల్లవారునప్పటికి ముందునాటి విడిదియే ఎదుట నున్నది! అంతట సార్థవాహుడు ఒక గడ్డిదుబ్బును కనుగొని, దానిక్రింద నీరుండవలయునని త్రవ్వించి అందరను బ్రతికించెను. కథ చెప్పువారు అతనినే మెచ్చుకొందురు. మాకు మాత్రము ఆ నిద్రించినవాని మీదికే మనసు పోవును. అంతమంది ప్రాణములకు ఒక్క జత కన్నులే కావలియా? అందుచేత బాట చూచుటకు ఒక్కరే పోరాదని మా నియమము.

భారతారణ్యపర్వమున దమయంతి చేరిన వర్తకుల బిడారు మాట చదువరులెరిగినదే. అలసి సొలసి తామరకొలనును చూచి మురిసి, అచ్చటనే విడిసిరి. అది ఏనుగులు నీటికి దిగు త్రోవ యని చూచినవారు లేరు. నడురేయి మంద వచ్చి త్రొక్కివేసినది. నీడయు నీరును గలచోటు మంచి విడిదియే. ఆ నీటికి మనకంటె ముందు హక్కుదారులెవరో విచారింపవలదా? క్రీ.శ. 7వ శతాబ్దమున మన ఆంధ్రదేశమునకు వచ్చి ధాన్యకటకమును దర్శించిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ చరిత్రయు నిట్టిదే. స్వదేశము విడిచి వచ్చుచు గోబీ ఎడారిలో నీటితిత్తి చేజార్చుకొని, నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్కనీరు లేక నడచెనట. తుదకు అతనిని నీటి యొద్దకు చేర్చినది, ఆ దారిని పలుమార్లు నడచిన ముసలి గుఱ్ఱము.

మన వైపున ఎడారి యెక్కడిదందురేమో. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము పాండవుల గుట్టలపై ఒక్క గడియ నిలిచినచో ఆ మాట అనరు. వరంగల్లుకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున రేగొండ మండలములో నున్న ఇసుకరాతి గుట్టలవి. 2016లో జిల్లాలు మారినప్పటినుండి భూపాలపల్లి జిల్లాలోనివి. అచ్చటి గుహలలో ఆదిమానవులు వ్రాసిన వర్ణచిత్రములు 1990లో వెలుగులోనికి వచ్చినవి. దున్న, జింక, పులి మొదలగు మృగములను ఎఱుపు, పసుపు, తెలుపు వన్నెలలో వ్రాసినారు. తరువాతి కాలమువారు వ్రాసిన పాండవుల బొమ్మలును గలవు. ఒక గుట్టకు గొంతెమ్మగుట్ట యని పేరు. గొంతెమ్మ యనగా కుంతీదేవియే. మా వీథి స్త్రీలు "వేసవి సెలవులలో పిల్లలతో గూడ పోయి, ఒక్కనాడే గుహలన్నియు చూచి రావలె"నని పట్టుపట్టగా, మా వారు నవ్వి "గొంతెమ్మ కోరిక యనగా నిదియే" ననిరి.

మాఘమాసమున బడి లేని యొక ఆదివారమునాడు మా వారు, పొరుగింటి వదినగారు, మేము బాట చూడబోయితిమి. ఆ ప్రక్క పల్లెలోని మేకల కాపరి నొకరిని తోడు తీసికొంటిమి. గుట్ట సంగతి కాపరి యెరిగినట్లు కాగితము మీది పటమెరుగదు. చేత నొక నోటుబుక్కు, గడియారము. ఎక్కడ నీడ ఏ గంటవరకు నిలుచును, ఫోను ఎచ్చట పలుకును, ఎచ్చట మూగవోవును, జారిపడిన యొకరిని మోసికొని దిగుటకు ఏ త్రోవ అనుకూలము, ఇవన్నియు వ్రాసికొంటిమి. ఒక రాతితొట్టిలో నీరు కనబడినది. కాపరి "శివరాత్రి దాటితే ఉండదమ్మా" యనెను. కావున దానిని లెక్కలో చేర్చలేదు. ఎండలో నడచువారికి గంటకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు నీరు కావలయును. ఇరువదిమందికి నాలుగు గంటల నడకకు ఎన్ని బిందెలగునో మీరే కట్టి చూడుడు.

పై చరియకు తేనెపెరలు వ్రేలాడుచుండెను. వదినగారు అత్తరు పూసికొని రానందుకు దేవునికి దండము పెట్టితిమి! గుంపుతో వచ్చునాడు అత్తరులు, మల్లెదండలు, అగరువత్తులు వలదని బుక్కులో రెండు గీతలు గీసి వ్రాసితిమి. హవాయి చెప్పులును వలదు. రాతిమీది సన్నని ఇసుక వానిక్రింద బంతులవలె దొరలును.

ఒకచోట రెండు బండల నడుమ మనిషి ఓరగా దూరదగిన సందు గలదు. చల్లగా నుండును, పిల్లలు వదలిరారు. ఇట్టి సందులను చూచినపుడెల్ల మాకు అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు యాంటెలోప్ అను ఇసుకరాతి లోయ జ్ఞప్తికి వచ్చును. 1997 ఆగస్టు 12న ఎక్కడనో దూరమున కురిసిన వాన వరదయై ఆ యిరుకులోనికి వచ్చి 11 మందిని బలిగొన్నది. వానకాలమున ఆ సందు వైపు పోరాదని నిశ్చయించితిమి.

స్కాట్లండు దేశస్థుడు నేస్మిత్ 1892లో కొండనడకకు ఒక లెక్క చెప్పెను. 3 మైళ్లకు ఒక గంట, 2000 అడుగుల ఎత్తునకు ఇంకొక గంట. అది చంకలో బిడ్డ, కాళ్లకు అడ్డుపడు చీరకుచ్చెళ్లు లేనివాని లెక్క.

తిరిగి వచ్చి మేము చెప్పినది మూడు మాటలు. వేసవిలో వలదు, పుష్యమాసమున పోవుదము. తెల్లవారుజామున నడక మొదలుపెట్టి పదిన్నరకు ఎంత దూరమున నున్నను వెనుదిరుగుదము. చివరి నిట్రపు బండ అందరకు తగదు. వెంటనే కలహము! పడుచులు "భువనగిరి బండమీద నేర్చుకొన్న మాలావత్ పూర్ణ 2014లో పదుమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కినది కాదా, మేము ఈ బండ ఎక్కలేమా?" యనిరి. ఎక్కగలరు. ఆ బాలికకు ముందుగా మంచులో త్రాళ్లు బిగించినవారుండిరి. మాకు త్రాడును లేదు, అది బిగించుట తెలిసినవారును లేరు. వలదని చెప్పుటకే గదా మమ్ము ముందు పంపినది?

పడుచుల కోపము రెండు దినములలో తీరినది. వీథి చివరింటి పెద్దమ్మగారు మాత్రము ఏమియు అనలేదు. ఆమెకు డెబ్బది దాటినవి. ఆ గుహల బొమ్మలు చూడవలెనని యెన్నో యేండ్ల కోరిక. గుంపుతో వచ్చినచో ఆమెకొఱకు అందరు నిలువవలయును, లేదా ఆమె పరుగెత్తవలయును. రెండును ఆమెకు సమ్మతము కాదు.

అప్పుడు తోచినది. బాట చూడబోవునపుడు వెనుక గుంపుండదు. ఎచ్చట కూర్చున్నను, ఎచ్చటినుండి మరలినను ఎవరికిని నష్టము లేదు. ఫాల్గునమున రెండవమారు చూడబోవునపుడు ఆమెనే తోడుకొని పోయితిమి. చేతికర్రతో, పది అడుగులకొక మాట చెప్పుచు నడచిరి. నిట్రపు బండ యెదుట కొంతసేపు కూర్చుండి, పైకి చూచి, "ఇంతవరకు చాలునే తల్లీ, మీరు పోయి చూచి వచ్చి నాకు చెప్పుడు" అనిరి. వదినగారు ఆమె యొద్ద నిలిచిరి. మేము పోయి చూచి వచ్చి, దున్న కొమ్ములు మొదలుకొని ఒక్కొక్కటియు చెప్పితిమి. ఆమె అడిగిన ప్రశ్నలకు మరల పోయి చూడవలసివచ్చినది.

నోటుబుక్కులో ఆనాటి లెక్క ఇట్లున్నది: క్రిందినుండి నిట్రపు బండ వరకు, పెద్దమ్మగారి నడకకు, 1 గంట 40 నిమిషములు. పుష్యమాసపు గుంపునకు ఆ లెక్కయే పెట్టినాము.