గుట్టు నిలిస్తేనే నోరు పెగిలేది

పిల్లకు పన్నెండేళ్లు రాగానే ఓణీలెప్పుడు, ఫంక్షనెప్పుడు అని అడుగుతాం. ఒంట్లో వచ్చే మార్పుల సంగతి మాత్రం ఎవరో ఒకరు చెబుతారులే అని ఊరుకుంటాం. మగపిల్లాడి విషయంలోనైతే ఆ ఊసే ఉండదు. ఇంతకీ ఆ చెప్పే ‘ఎవరో’ ఎవరండీ?

ప్రభుత్వం ఈ పని తలకెత్తుకోకపోలేదు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. రక్తహీనత, మానసిక ఆరోగ్యంతో పాటు లైంగిక ఆరోగ్యమూ అందులో భాగమే. ఆసుపత్రుల్లో ఈ వయసు వాళ్లకు విడిగా సలహా కేంద్రాలు, ఊళ్లో వాళ్ల ఈడు పిల్లల్లోంచే శిక్షణ పొందిన స్నేహితులు ఉండాలన్నారు. కాగితం మీద చక్కగానే ఉంది. ఊళ్లోకి వచ్చేసరికే చిక్కు.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమే చూడండి. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు లక్షల మంది వచ్చిపోయారు. మామూలు రోజుల్లో మాత్రం ఒకరికొకరు తెలిసిన చిన్న ఊరు. అలాంటిచోట పదహారేళ్ల పిల్ల తెల్లబట్ట అవుతోందనో, దురదగా ఉందనో ఎవరికి చెప్పుకుంటుంది? ఆశమ్మ వరసకు పిన్ని అవుతుంది. మందుల షాపతను నాన్నకు దోస్తు!

ఆ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే ఒక నర్సమ్మతో మాట్లాడాను. “మీటింగు పెడితే ఆడపిల్లలొస్తరు. తలకాయ దించుకొని కూసుంటరు. అయిపోయినంక ఒక్కతి ఆగి, ‘మా దోస్తుకట సిస్టరమ్మా’ అని అడుగుతది. ఆ దోస్తు ఎవలో నాకెరికే. కానీ నేనడగ” అంది. మగపిల్లలు అసలు రానే రారట. వాళ్లకు ఫోనే గురువు. “గివన్నీ చెప్తే పోరగాండ్లు చెడిపోరా?” అని తల్లులే తగాదాకొస్తారట.

ఈ భయం ఆ తల్లులదే కాదు. బడుల్లో 2005లో కౌమార విద్య మొదలుపెడితే, 2007లో నదికి ఆవలి ఒడ్డునున్న మహారాష్ట్రతో సహా కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడరని, ఎన్నో దేశాల అధ్యయనాలు చూసి యునెస్కో 2018లో తేల్చిచెప్పింది.

ఇంకో చిక్కు చట్టంతో. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారితో లైంగిక సంబంధం, వాళ్లు ఇష్టపడినా సరే, నేరం. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలి. పిల్లల రక్షణ కోసం వచ్చిన చట్టమే. కానీ పోలీసులనగానే గర్భం వచ్చిన పిల్ల ఆసుపత్రికి రాదు, నాటుమందు వెతుక్కుంటుంది. ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అందుకే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. గర్భస్రావానికి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదంది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

గుట్టు నిలుస్తుందన్న నమ్మకముంటేనే పిల్లలు నోరు విప్పుతారు. ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా మీటింగులు పెట్టాలి. పేరు రాయకుండా ప్రశ్నలు వేసేందుకు ఒక చీటీల డబ్బా ఉంచినా మేలే. మగపిల్లలతో మాట్లాడేందుకు ఓ మగమనిషినీ చూడాలి. ఇక మనం చేయాల్సింది ఒక్కటే. పిల్ల నర్సమ్మ దగ్గరికెళ్లొస్తే, “ఏం అడిగావే?” అని నిలదీయకండి. వెళ్లినందుకు సంతోషించండి. రేపు మీ దగ్గరికీ వస్తుంది.