‘ప్రైస్ ప్లీజ్’ అన్నవాళ్లంతా కొంటారా?

నేను మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతా. షాపు, షోకేసు, గల్లాపెట్టె... అన్నీ నా ఫోనే. చిక్కంతా అక్కడే! నిజాం అంచు చీర ఫొటో పెడదామని ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తానా, రీల్స్ లాక్కెళ్లిపోతాయి. అరగంట గడిచినా ఫొటో గ్యాలరీలోనే ఉంటుంది.

ఇక మెసేజ్‌లు. ధర పోస్టులోనే రాసినా ‘ప్రైస్ ప్లీజ్’ అంటారు. చెప్పాక చప్పుడుండదు. అర్ధరాత్రి ‘లాస్ట్ ఎంతక్కా?’ అని ఫోన్ మోగుతుంది.

అసలు దెబ్బ క్యాష్ ఆన్ డెలివరీది. పార్సిల్ గుమ్మం దాకా వెళ్లాక ‘ఇప్పుడొద్దండీ’ అంటే చాలు, రానూపోనూ ఖర్చు నాదే. చీర తిరిగొచ్చి, మళ్లీ అమ్ముడయ్యేదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. నేసిన అన్నకి మాత్రం వారం తిరిగేసరికి కూలి ఇవ్వాల్సిందే. రిటర్న్ వచ్చిందంటే ఆయనింట్లో పొయ్యి ఆగుతుందా?

అందుకే రూల్స్ పెట్టుకున్నా. మెసేజ్‌లకి జవాబు పొద్దున గంట, సాయంత్రం గంట. క్యాష్ ఆన్ డెలివరీ కావాలంటే కొరియర్ ఛార్జీ ముందే కట్టాలి. పేమెంట్ స్క్రీన్‌షాట్ చాలదు, ఖాతాలో డబ్బు పడ్డాకే ప్యాకింగ్. ‘డబ్బు పంపుతున్నా, యూపీఐ పిన్ కొట్టండి’ అన్నారంటే అది మోసమే. డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఈ రూల్స్ చూసి కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు నిజంగా కొంటున్నారు!