నల్లరేగడిలో సూక్ష్మపోషకాలు: తొట్టిలోని సముద్రం చెప్పే లెక్క

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో, అంటే 2022లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాల నల్లరేగడి భూములతో సహా, అక్టోబరు చివరికి పత్తి చేలు అక్కడక్కడ ఎర్రబడటం మొదలవుతుంది. రైతు రెండు ఆకులు కోసుకుని ఎరువుల దుకాణానికి వెళ్తాడు. అక్కడ అతని చేతికి వచ్చేది చాలాసార్లు సూక్ష్మపోషకాల మిశ్రమం సీసా. దాని మీద జింకు, ఇనుము, మాంగనీసు, రాగి, బోరాను, మాలిబ్డినం పేర్లన్నీ ఉంటాయి. ఆకు ఎర్రబడటానికి ముఖ్య కారణాల్లో ఒకటైన మెగ్నీషియం మాత్రం సూక్ష్మపోషకం కాదు, ద్వితీయ పోషకం. కాబట్టి ఆ సీసాలో అది ఉండకపోవచ్చు.

అసలు ఆ చేలో మెగ్నీషియం లోపమే ఉందా అన్నది వేరే ప్రశ్న. లోపమైతే ఎరుపు ముదురు ఆకుల్లో ముందు కనిపిస్తుంది. ఈనెలు ఆకుపచ్చగా ఉండి వాటి మధ్య భాగం ఊదా ఎరుపుకు తిరుగుతుంది. పచ్చదోమ ఉధృతమైతే ఆకు అంచులు ముందు పసుపు పచ్చగా మారి, కిందికి ముడుచుకుని, తర్వాత ఎర్రబడతాయి. ఆకు తిప్పి చూస్తే పురుగే సమాధానం చెబుతుంది. రాత్రి చలి పెరిగినప్పుడు, కాయల భారం ఎక్కువై ఆకుల్లోని నత్రజని కాయలకు తరలినప్పుడు కూడా ఆకు ఎర్రబడుతుంది. 2002లో బీటీ సంకరాలకు అనుమతి లభించిన తర్వాత, తక్కువ వ్యవధిలో ఎక్కువ కాయలు నిలుపుకొనే పైరుల్లో ఈ చివరి కారణాన్ని తోసిపుచ్చలేము. నాలుగు కారణాలకూ ఒకే సీసా మందు కాజాలదు.

సూక్ష్మపోషకాల విషయంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవటానికి ఈ రంగానికి సంబంధం లేదనిపించే ఒక ఉదాహరణ ఉపకరిస్తుంది. ఇళ్లలో చిన్న గాజు తొట్టిలో ఉప్పునీరు నింపి పగడపు జీవులను పెంచేవారు ఉన్నారు. సముద్రపు నీటిలో లీటరుకు కాల్షియం సుమారు 410 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సుమారు 1,300, స్ట్రాన్షియం 8, బోరాను 4.5, అయోడిన్ 0.06 మిల్లీగ్రాములు ఉంటాయి. వంద లీటర్ల తొట్టిలో ఉండవలసిన అయోడిన్ మొత్తం ఆరు మిల్లీగ్రాములే. గాఢ ద్రావణం కొన్ని చుక్కలు ఎక్కువైతే ఆ నిల్వ రెట్టింపు కావచ్చు. సముద్రంలో అదే మోతాదు లెక్కలోకే రాదు. అందుకే అనుభవజ్ఞులు ముందు నీటిని పరీక్షించి, ఏది ఎంత తగ్గిందో చూసి, తగ్గినదాన్నే కలుపుతారు. అనుమానం వస్తే ఏదీ కలపక, తొట్టి నీటిలో పదో వంతు తీసి కొత్త ఉప్పునీరు పోస్తారు.

పొలంలో ఆ సౌకర్యం లేదు. నేలను మార్చి కొత్త నేల పోయటం కుదరదు. కానీ లెక్క మాత్రం అదే. ఎకరం నేలలో పైపొర ఆరు అంగుళాల మట్టి బరువు స్థూలంగా తొమ్మిది లక్షల కిలోలు. లభ్య జింకు 0.6 పి.పి.యం. కంటే తగ్గితే లోపంగా పరిగణిస్తారు. అంటే లోపానికీ సమృద్ధికీ నడుమ గీత ఎకరానికి దాదాపు 540 గ్రాముల దగ్గర ఉంది. సిఫారసు చేసే 20 కిలోల జింకు సల్ఫేటులో ఉండే జింకు సుమారు 4.2 కిలోలు, ఆ గీతకు దాదాపు ఎనిమిది రెట్లు. ఒకసారి వేసినది రెండు మూడు పంటల దాకా చాలునని చెప్పటానికి కారణం ఇదే. అయినా ఏటా వేసే రైతులున్నారు.

ఇంత వేసినా లోపం మళ్లీ ఎందుకు కనిపిస్తుంది? నేలలో ఉన్నది వేరు, వేరుకు అందేది వేరు. ఈ మైదానాల నల్లరేగడిలో ఉదజని సూచిక తరచుగా 8 దాటుతుంది. సున్నపు గులకలు నాగటి చాలులోనే కంటికి కనిపిస్తాయి. ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే జింకు కరిగే గుణం సుమారు వంద రెట్లు, ఇనుము కరిగే గుణం వెయ్యి రెట్లు తగ్గుతుంది. సముద్రపు నీటి ఉదజని సూచిక కూడా 8.1 ప్రాంతంలోనే ఉంటుంది. అక్కడా ఇనుము కరిగి ఉండే మోతాదు అత్యల్పం. విశాల సముద్ర ప్రాంతాల్లో నత్రజని, భాస్వరం ఉండి కూడా సూక్ష్మ మొక్కలు ఎదగకపోవటానికి ఇనుము కొరతే కారణమని 1993లో గాలపాగోస్ దీవుల దగ్గర ఇనుము కలిపి చేసిన ప్రయోగం బలపరిచింది. మన రేగడిలో ఇనుము టన్నుల లెక్కన ఉన్నా లేతాకు తెల్లబోవటానికి మూలం ఇదే రసాయన ధర్మం.

అందువల్ల ఇనుము లోపానికి అన్నభేదిని నేలలో చల్లటం వల్ల ఈ నేలల్లో ఫలితం స్వల్పం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయటమే మేలు. చీలేటెడ్ ఇనుము పేరిట అమ్మేవన్నీ ఒకటి కావన్నది విద్యార్థులు కూడా మరిచే విషయం: ఇ.డి.టి.ఎ. రూపంలోని ఇనుమును సున్నపు నేలలో కాల్షియం తోసివేస్తుంది, ఇ.డి.డి.హెచ్.ఎ. రూపం మాత్రం నిలుస్తుంది. ఇంకొకటి. తుపాను వానలకు నీరు నిలిచిన చేలో లేతాకులు పసుపుబారితే, నీరు తీసి నేల ఆరేసరికి చాలావరకు వాటంతట అవే పచ్చబడతాయి. అప్పటికి మందు కొట్టినవారు మందు పనిచేసిందంటారు, కొట్టనివారు ఏమీ అనరు.

జింకుకు అదనపు శత్రువు భాస్వరం. మిరపకు, పత్తికి ఏళ్ల తరబడి డి.ఎ.పి., కాంప్లెక్సు ఎరువులు దండిగా వేసిన భూముల్లో భాస్వరం నిల్వ పెరిగి మొక్క జింకును వినియోగించుకోలేదు. అలాంటి పొలానికి జింకు సిఫారసు చేసేముందు భాస్వరం తగ్గించమని చెప్పటం విస్తరణ శాస్త్రవేత్త విధి. ఈ సలహాకు ఖర్చు లేదు, బహుశా అందుకే దానికి ప్రచారమూ లేదు. రెండింటినీ కలిపి వేయటం మరీ నష్టం. కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.

బోరాను విషయంలో మాత్రం జాగ్రత్త వేరు రకం. పత్తికి బోరాను అవసరం ఎక్కువ. లోపిస్తే ఆకు తొడిమల మీద ముదురు వలయాలు ఏర్పడి, పూమొగ్గలు, పిందెలు రాలుతాయి. లీటరు నీటికి 1.5 గ్రాముల బోరాక్సు చొప్పున 60, 90 రోజులకు పిచికారీ చేస్తే సరిపోతుంది. పత్తి బోరాను ఆధిక్యాన్ని బాగా ఓర్చుకునే పంట కూడా: సాగునీటిలో, నేల ద్రావణంలో లీటరుకు 6 మిల్లీగ్రాములకు పైన ఉన్నా తట్టుకోగలదు. మిరప ఓర్పు ఒకటి రెండు మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పత్తి తర్వాత అదే పొలంలో మిరప వేసే రైతు, పత్తికి నేలలో వేసిన బోరాక్సు అలవాటును మిరపకూ కొనసాగిస్తే ఆకు అంచులు మాడటం చూడవలసి వస్తుంది. తీరం వైపు బోరు నీరు ఉప్పగా మారిన చోట బోరాను నీటితోనే వచ్చి ఉండవచ్చు. అక్కడ ఉప్పుతోపాటు బోరాను పరీక్ష కూడా అవసరం.

2015లో మొదలైన భూసార కార్డు పన్నెండు అంశాలను చూపుతుంది. అందులో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను ఉన్నాయి. అయితే గ్రిడ్ పద్ధతిలో నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. కార్డు మీద పేరు రైతుదే అయినా మట్టి పక్క పొలానిది కావచ్చు. మిరప వంటి ఖరీదైన పైరుకు సొంత పొలం నమూనా తీయించటం ఒక పిచికారీ ఖర్చుకు మించదు. నమూనా తీసేటప్పుడు జింకు పూత ఉన్న ఇనుప బక్కెట్టు వాడరాదు. ఆ పూత రాపిడికే లోపం ఉన్న నేల సమృద్ధిగా కనిపిస్తుంది.

మిరపలో మరో చిక్కు ఉంది. జింకు లోపంలో ఆకులు చిన్నవై సన్నబడతాయి. తామర పురుగులకు ఆకులు పైకి, నల్లికి కిందికి ముడుచుకుంటాయి. 2021-22లో నల్ల తామర పురుగు పూతను తినివేసిన చేలల్లో పురుగు మందులతోపాటు సూక్ష్మపోషకాలనూ ఒకే ట్యాంకులో కలిపి మళ్లీ మళ్లీ కొట్టిన రైతులకు, దేనివల్ల ఏమైందో చెప్పే ఆధారం మిగలలేదు. ఆధారం దొరకాలంటే పెద్ద ప్రయోగం అక్కరలేదు. పిచికారీ చేసేటప్పుడు చేను మధ్యలో నాలుగు సాళ్లు వదిలి, రెండు చివర్లా కర్రలు పాతితే చాలు. పది పదిహేను రోజుల తర్వాత ఆ సాళ్లలోని లేతాకులను ఇరుపక్కల సాళ్లతో పోల్చి చూడాలి. కోత వేళ ఆ నాలుగు సాళ్ల కాయను వేరుగా తూయాలి.